శేషాచలం కొండల్లో జింక ఎక్కడ పడుకుంటుంది, ఎందుకు అక్కడే పడుకుంటుంది?

క్లుప్తంగా: కొండల్లో జింకలు చల్లదనం ఒక్కటే చూసుకుని పడుకోవు. వెనక నుంచి వచ్చే ఆపద ముక్కుకి, ముందు నుంచి వచ్చేది కంటికి దొరికే చోటు వాటికి కావాలి. ఆ చోటు ఎక్కడో తేల్చేది గాలి, ఆ గాలిని మలిచేది కొండ. అయితే చలిదేశాల వేటగాళ్లు కనిపెట్టిన ఈ సూత్రం తిరుపతి ఎండల్లో ఉన్నదున్నట్టు పనిచేయదు. వేసవిలో నీడ, నీళ్లు గాలి లెక్కని పక్కకి నెట్టేస్తాయి.

అలిపిరి మెట్ల దారిలో, ఘాట్ రోడ్డు మలుపుల్లో దుప్పులు కనిపించడం కొత్తేమీ కాదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయాక మాత్రం, ఆ కొండల్లో ఏ జంతువు ఎక్కడ తిరుగుతుంది, ఎక్కడ పడుకుంటుంది అనే చర్చ ఒక్కసారిగా పెరిగింది. జింక ఉన్న చోటికే చిరుత వస్తుంది కాబట్టి అది అడగాల్సిన ప్రశ్నే. వినిపించే జవాబులు మాత్రం ఎప్పుడూ మూడే: చల్లగా ఉండే చోట, నీళ్ల పక్కన, గుబురు చెట్లలో. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ నీళ్లూ నీడా ఉన్న కోన అడుగు ఖాళీగా ఉండి, చాలా పైన, బండ అంచుకి కాస్త కింద కణుజు (సాంబార్ అనే పెద్ద జింక) పడుకుని ఉందంటే ఈ మూడింటిలో ఏదీ దానికి సరిపోదు.

పడుకోవడం అంటే నిద్రపోవడం కాదు

జింక మేసేటప్పుడు గబగబా మింగేస్తుంది, పెద్దగా నమలదు. మేత దొరికేది తెరిపి నేలలో, అక్కడ ఎక్కువసేపు తల దించుకుని ఉంటే ప్రాణానికి ముప్పు. అందుకే కడుపు నింపుకుని, ఒక భద్రమైన చోటికి చేరి, పడుకుని నెమరు వేస్తుంది. పగటిలో చాలా భాగం దానికి ఇదే పని. తల ఎత్తే ఉంటుంది, చెవులు చెరో వైపు తిరుగుతూనే ఉంటాయి, ముక్కు తడిగా ఉండి వచ్చే ప్రతి వాసననీ పట్టుకుంటూ ఉంటుంది. అసలు నిద్ర కొద్ది కొద్ది నిమిషాల చొప్పున, విడతలు విడతలుగా పోతుంది.

చిక్కు ఎక్కడంటే, పడుకున్న జంతువు లేచి పరుగందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. చిరుత లాంటి పొంచి పట్టే జంతువుకి ఆ క్షణాలు చాలు. కాబట్టి జింక పడక చోటులో వెతికేది సుఖం కన్నా ముందు హెచ్చరిక, ఆ తర్వాత పారిపోయే దారి. చల్లదనం, మెత్తదనం మూడో నాలుగో స్థానంలో వస్తాయి, ఎండ మరీ ముదిరినప్పుడు తప్ప. ఆ 'తప్ప' గురించి తర్వాత.

కొండ మీద వీచేది ఒక్క గాలి కాదు

ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే పడమటి గాలి, గంటకు ఇన్ని కిలోమీటర్లు అని చూపిస్తుంది. అది ఊరి మీద, ఇంకా పైన ఆకాశంలో వీచే పెద్ద గాలి. కొండ వాలు మీద, జింక ముక్కు ఉండే ఎత్తులో తగిలేది చాలాసార్లు వేరే గాలి. దాన్ని ఇక్కడ వాలు గాలి అందాం.

పొద్దెక్కే కొద్దీ ఎండ తగిలిన నేల వేడెక్కుతుంది, నేలని ఆనుకున్న గాలి కూడా వేడెక్కి తేలికై, వాలు వెంబడే పైకి పాకుతుంది. అంటే పగలు కింద లోయలో ఉన్న ప్రతిదాని వాసనా పైకి వస్తుంది. సాయంత్రం నీడ పడగానే నేల చల్లబడుతుంది, దాని మీది గాలి బరువెక్కి వంకల వెంబడి పల్లానికి దిగి కోన అడుగున నిలిచిపోతుంది. తెల్లవారుజామున కోనలోకి దిగిన వాళ్లకి అక్కడ ఒక్కసారిగా చలి కొట్టేది ఇందుకే. రాత్రంతా పై వాసనలు కిందికి వస్తాయన్నమాట.

ఈ మార్పు కొండంతటా ఒకేసారి జరగదు. తూర్పు వాలుకి ఎండ ముందు తగులుతుంది కాబట్టి అక్కడ గాలి ముందు పైకి లేస్తుంది, అదే సమయానికి ఎదురుగా ఉన్న పడమటి వాలులో ఇంకా కిందికే దిగుతూ ఉండొచ్చు. సాయంత్రం దీనికి తలకిందులు. పైగా శేషాచలం, చంద్రగిరి కొండల్లో బోసి బండలు ఎక్కువ, అవి పగటి వేడిని పట్టుకుని చీకటి పడ్డాక కూడా వదులుతూ ఉంటాయి. అక్కడ వాలు గాలి దిశ మార్చుకోవడం కూడా చెట్లున్న వాలు కంటే ఆలస్యం అవుతుంది. గాలి ఎటూ తేల్చుకోని ఈ సంధి సమయాలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వస్తాయి. జింకలు పడక వదిలి కదిలేదీ, పడకకి చేరేదీ కూడా దాదాపు ఈ వేళల్లోనే. మేతకీ ఎండకీ కూడా ఇందులో వాటా ఉంది కాబట్టి గాలి వల్లే అని కచ్చితంగా చెప్పేయడం తొందరపాటు అవుతుంది.

మబ్బు పట్టిన రోజున వాలు గాలి బలహీనపడుతుంది, పెద్ద గాలిదే రాజ్యం. ఆషాఢంలో రాయలసీమ మీద వీచే ఆ హోరు గాలి ముందు కూడా వాలు గాలి నిలవదు.

వీపు వైపు గాలి, ముఖం వైపు లోయ

ఇప్పుడు ఈ రెండు గాలులనీ ఒకే కొండ మీద పెట్టి చూడాలి. పెద్ద గాలి కొండకి ఒక వైపు కొట్టి, వెన్ను దాటి అవతలి వైపుకి దిగుతుంది. అవతలి వైపు, అంటే గాలిచాటు వాలులో, కింద నుంచి ఎండకి లేచిన వాలు గాలి పైకి వస్తూ ఉంటుంది. రెండూ కలిసేది వెన్నుకి కాస్త కింద. కొండ ఎత్తుని మూడు భాగాలు చేస్తే పై భాగంలో అనుకోవచ్చు.

అక్కడ పడుకున్న జింకకి వెనక వైపు నుంచి, అంటే తను చూడలేని అవతలి వాలు నుంచి, ఏది వచ్చినా పెద్ద గాలి దాని వాసన మోసుకొస్తుంది. ముందు వైపు లోయంతా కంటికి కనిపిస్తుంది, దానికి తోడు లోయ వాసన కూడా పైకే వస్తోంది. తప్పించుకోవాల్సి వస్తే నాలుగు గంతుల్లో వెన్ను దాటేసి కనుమరుగు కావచ్చు. సరిగ్గా కొండ కొన మీదే ఎందుకు పడుకోదంటే అక్కడ ఆకాశం నేపథ్యంలో ఆకారం స్పష్టంగా కనిపించిపోతుంది, కింది వాలు గాలి కూడా అక్కడికొచ్చేసరికి పెద్ద గాలిలో కలిసి చెదిరిపోతుంది.

అమెరికాలో అప్పలాచియన్ అడవుల్లో తెల్లతోక జింకల గురించి వేటగాళ్లు చెప్పే లెక్క సరిగ్గా ఇదే. స్కాట్లాండ్ బోడి కొండల్లో ఎర్ర జింకలు గాలికి వీపు పెట్టి, పల్లం వైపు చూస్తూ పడుకుంటాయనేది అక్కడి వేట సిబ్బందికి తరతరాలుగా తెలిసిన సంగతి. రాకీ పర్వతాల్లో మ్యూల్ జింకలు పగటిపూట రాతి అంచుల కింద, నీడ పట్టున, పైకి లేచే గాలిలో పడుకుంటాయి. మూడు ప్రాంతాలూ మూడు జాతులూ వేరైనా ఎంపిక ఒకటే కావడం ఊరికే జరగదు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది కాబట్టి ఈ పరిజ్ఞానం వేటకి కాకుండా అటవీ సిబ్బందికి, కెమెరా ట్రాప్‌లు పెట్టేవాళ్లకి, ఫొటోలు తీసేవాళ్లకి పనికొస్తుంది.

ఈ ఏర్పాటులో ఒక కంత కూడా ఉంది. అదే ఎత్తులో, వాలుకి అడ్డంగా పక్క నుంచి వచ్చేదాన్ని ముక్కూ పట్టదు, కన్నూ సరిగ్గా పట్టదు. అందుకే ఒంటరి జింక వీపుకి బండనో పొదనో ఆనించుకుంటుంది. గుంపుగా ఉంటే తలో దిక్కుకి ముఖం పెట్టి పడుకుంటాయి.

ఇదే లెక్కని తిరుపతి ఋతువులకి వేస్తే పడక చోటు ఏడాదికి రెండుసార్లు వైపు మారాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమర, నైరుతి నుంచి వస్తుంది, అప్పుడు గాలిచాటు కరకంబాడి, మామండూరు వైపున్న తూర్పు వాలులది. ఈశాన్య గాలి మొదలయ్యాక అది తారుమారవుతుంది. తిరుపతి ఊరికి కనిపించే కొండ ముఖం దక్షిణానికి తిరిగి ఉంటుంది. ఈశాన్య గాలి తిరుమల వైపు నుంచి, అంటే వెనక నుంచి వచ్చి ఆ అంచు దాటుతుంది. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణంగా, సుమారు 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి ఆ దక్షిణ ముఖానికి ఎండ బాగా తగిలి, ఊరి వైపు నుంచి వాలు గాలి పైకి లేస్తుంది. వెనక గాలి, ముందు మైదానం, చలికి ఎండ. ఏ పుస్తకంలో చెప్పిన కొలతకైనా సరిపోయే చోటు అది. అలిపిరి దారి కూడా ఆ ముఖం మీదుగానే ఎక్కుతుందనేది వేరే తలనొప్పి.

రాయి కూడా లెక్కలోకి వస్తుంది

జింక నిట్రమైన వాలు మీద పడుకోలేదు, జారిపోతుంది. దానికి కొద్దిపాటి చదును కావాలి. శేషాచలం ఈ విషయంలో ఉదారమైన కొండ. ఇక్కడ గట్టి క్వార్ట్‌జైట్ రాతి పొరలూ మెత్తటి షేల్ పొరలూ ఉన్నాయి. గట్టి పొర నిలువు గోడగా నిలబడుతుంది, మెత్తటిది అరిగిపోయి వాలుగా, మెట్టుగా మారుతుంది. ఘాట్ రోడ్డు మీద వెళ్తుంటే కింద గ్రానైట్, దాని మీద అడ్డంగా పరిచిన క్వార్ట్‌జైట్ కనిపించే చోటు ఉంది. రెండు రాళ్ల వయసుకీ మధ్య కోట్ల ఏళ్ల ఖాళీ ఉండటంతో దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. భక్తులు చాలామంది గమనించకుండానే దాటిపోతారు. జంతువుకి ఆ చరిత్ర అక్కర్లేదు గానీ దాని ఫలితం కావాలి: గోడ కింద మెట్టు, మెట్టు మీద నీడ, వెనక ఎవరూ దిగలేని రాయి.

అయితే నిలువు గోడకి ఒక దోషం ఉంది. గుండ్రటి కొండ మీదుగా గాలి వాలుని అంటిపెట్టుకుని దిగుతుంది. పదునైన అంచు దగ్గర అలా కాదు, అంచు దాటగానే నేలని వదిలేసి ముందుకు పోతుంది, దాని కింద ఏర్పడిన ఖాళీలో గాలి సుడి తిరిగి వెనక్కి, గోడ వైపుకే వస్తుంది. గాలి బలంగా ఉన్న రోజున గోడ పాదంలో పడుకున్న జింకకి వాసన ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియదు. దాని సొంత వాసన కూడా చుట్టూ పరుచుకుంటుంది. అలాంటి రోజుల్లో గోడకి దూరంగా, లోయలోకి పొడుచుకొచ్చిన కొండ ముక్కు మీద గాలి కొంచెం నిలకడగా ఉంటుంది, మూడు వైపులా చూపు కూడా ఆనుతుంది.

కోనల సంగతి ఇంకా చిక్కు. మూడు వైపులా గోడలున్న కోనలో గాలి మూసిన పూజ గదిలో సాంబ్రాణి పొగలాగా తిరుగుతుంది, ఎటు పోతుందో చెప్పలేం. రెండు శిఖరాల మధ్య కనుమలో దీనికి పూర్తి విరుద్ధం, గాలి ఇరుకులో దూరి వేగం పెంచుకుంటుంది, ఆ హోరులో చెవి పనిచేయదు. కనుమని జింకలు దాటడానికి వాడుకుంటాయి, పడుకోవడానికి కాదు.

ఎండాకాలం వస్తే సూత్రం తలకిందులు

చలిదేశాల జింక ఒంట్లో వేడి నిలుపుకోవడానికి తంటాలు పడుతుంది, తిరుపతి జింక వేడి వదిలించుకోవడానికి తంటాలు పడుతుంది. ఈ ఒక్క తేడా చాలా వాటిని మార్చేస్తుంది.

ఉత్తరార్ధగోళంలో ఉత్తర వాలు చల్లన, దక్షిణ వాలు వెచ్చన అని పుస్తకాల్లో ఉంటుంది. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మధ్యలో మే, జూన్, జూలై నెలల్లో నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అంటే అసలు ఎండ మండే రోజుల్లో ఉత్తర వాలుకి చల్లదనం హామీ ఏమీ లేదు, మధ్యాహ్నం దక్షిణ వాలు కంటే దానికే కాస్త ఎక్కువ ఎండ తగలొచ్చు. అప్పుడు పనికొచ్చే తేడా తూర్పు, పడమరల మధ్యది: మధ్యాహ్నం తర్వాత పడమటి వాలు కాలిపోతుంటే తూర్పు వాలుకి కొండ నీడ మొదలవుతుంది.

చెట్ల సంగతీ అంతే. ఇది ఎక్కువగా ఆకు రాల్చే అడవి. ఎర్రచందనంతో సహా చాలా చెట్లు వేసవి ముందు బోడిగా మారతాయి. శీతాకాలంలో చక్కటి మరుగైన పై వాలు మార్చికల్లా ఎండు బోద గడ్డీ, కాలే బండలూ మిగిలిన చోటు అవుతుంది. పచ్చదనం మిగిలేది తలకోన లాంటి చోట్ల, కోన అడుగున, నీటి చెమ్మ ఉన్న వంకల వెంబడి. కాబట్టి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో జింక, ముఖ్యంగా కణుజు, గాలి తిరిగే ఆ కోనలోకే దిగుతుంది. ముక్కు సగం పనిచేయని చోటని తెలియక కాదు, మిగతా చోట్ల బతకడమే కష్టమవుతుంది కాబట్టి. వేసవిలో చిరుతకి పని సులువవుతుందంటే నీళ్ల దగ్గర కాపు కాయడం ఒక్కటే కారణం కాదు, అక్కడి గాలి కూడా జింకకి సాయం చేయదు.

ఎత్తు కొంత ఆదుకుంటుంది. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే తిరుమల సుమారు 850 మీటర్లు, ఆ తేడాకి నాలుగైదు డిగ్రీల చల్లదనం దక్కుతుంది. కానీ నీళ్లు లేని ఎత్తు ఎందుకూ కొరగాదు.

వానాకాలంలో ఇంకో పోటీ మొదలవుతుంది, ఈగలూ దోమలూ. రెయిన్‌డీర్, ఎర్ర జింకల్లో పురుగుల బాధ తప్పించుకోవడానికి గాలి తగిలే ఎత్తుకి పోవడం బాగా తెలిసిన అలవాటు. చిత్తడి కోన వదిలి గాలి ఆడే మిట్ట ఎక్కడానికి ఇక్కడి జంతువులకీ అదే కారణం తోడవుతుంది.

కణుజు లెక్క దుప్పికి చెల్లదు

ఇంతవరకు చెప్పిందంతా ముఖ్యంగా కణుజుకి, అంటే సాంబార్‌కి వర్తిస్తుంది. అది వాలు జంతువు, ఒంటరిగానో చిన్న గుంపుగానో ఉంటుంది, రాత్రి మేస్తుంది, పగలు దట్టమైన మరుగులో పడుకుంటుంది. ముక్కు మీద ఎక్కువగా ఆధారపడేది అదే.

చుక్కల దుప్పి అలా కాదు. దానికి గడ్డి కావాలి, చదును కావాలి, నిట్రమైన కొండ అంటే పడదు. ఒక ముక్కు బదులు ఇరవై జతల కళ్లని నమ్ముకుంటుంది. కొండముచ్చులు పై నుంచి కేక వేస్తే అదీ వాడుకుంటుంది. దుప్పుల గుంపు ఎక్కడ పడుకుందో చూసి గాలి గురించి తీర్మానాలు చేస్తే తప్పుదారి పట్టే అవకాశమే ఎక్కువ. నాలుగు కొమ్ముల జింక కచ్చితంగా చెప్పాలంటే జింక కాదు, ఏంటిలోప్ అనే వేరే రకం జంతువు. పొడుగు గడ్డిలో ఒంటరిగా నక్కి ఉంటుంది. మూషిక జింక అసలు పరుగునే నమ్ముకోదు, రాతి సందుల్లో, పడిపోయిన మానుల చాటున కదలకుండా ఉండి గండం గట్టెక్కుతుంది. దానికి వెన్నూ గాలిచాటూ లెక్కే లేదు.

శత్రువుని బట్టి కూడా విలువలు మారతాయి. చిరుత ప్రధానంగా చూపు, వినికిడితో వేటాడుతుంది, బాగా దగ్గరికి పొంచి వచ్చి దూకుతుంది. దాని మీద జింకకి ఉన్న పెద్ద ఆధిక్యం ముందే వాసన పట్టడం. రేసుకుక్కలు, అంటే అడవి కుక్కలు, వేరు, పగటిపూట గుంపుగా వచ్చి తరిమి తరిమి పడతాయి. వాటి వాసన ముందే తగిలినా పరుగు తప్పదు. రేసుకుక్కలు తరిమితే కణుజు నీళ్లలోకి దిగి ఎదురు నిలబడటం కూడా ఉంది. రేసుకుక్కలున్న చోట పడకకి దగ్గర్లో మడుగు ఉండటం కూడా విలువైనదే అవుతుంది.

మెట్ల దారి పక్కన ఎందుకు?

ఇక అందరూ అడిగే ప్రశ్న. రోజూ వేల మంది నడిచే దారి పక్కన దుప్పి ధైర్యంగా ఎలా పడుకుంటుంది? మొదటి కారణం మేత. భక్తులు పెట్టే తిండి, పారేసిన చెత్త వాటిని దారి పక్కకి లాగుతాయి. రెండోది జనం రద్దీయే. చిరుత పగటిపూట జన సంచారానికి దూరంగా ఉంటుంది కాబట్టి మనిషి పక్కన పడుకోవడం దుప్పికి ఒక రకం రక్షణ. ప్రపంచంలో చాలా అభయారణ్యాల రోడ్ల పక్కన ఇదే కనిపిస్తుంది. ఆగకుండా వచ్చే మనిషి వాసనకి అవి అలవాటు పడిపోతాయి, అది హెచ్చరికగా పనిచేయడం మానేస్తుంది.

చీకటి పడి జనం పలచబడ్డాక ఈ రక్షణ ఉండదు, దుప్పులు మాత్రం అక్కడే ఉంటాయి. అప్పటికి వాలు గాలి కిందికి తిరుగుతుంది, అంటే దారికి దిగువన ఉన్న జంతువుల వాసన పై వాటికి అందదు. పై అడవి నుంచి వచ్చే చిరుత వాసన దుప్పికి అందొచ్చు, కింద వంక నుంచి ఎక్కి వచ్చేది అందదు. 2023 తర్వాత పిల్లలతో నడిచేవాళ్లకి సమయాల ఆంక్షలు పెట్టడం, చేతికర్రలు ఇవ్వడం, జంతువులకి తిండి పెట్టొద్దని చెప్పడం జరిగాయి. వీటిలో కర్రలే ఎక్కువ చర్చకి, జోకులకి గురయ్యాయి గానీ, జింకల కోణంలో చూస్తే ఎక్కువ ప్రభావం ఉండేది తిండి ఆపడానికే. చేతికందే తిండి లేకపోతే దుప్పి తన గడ్డి దగ్గరికి, కణుజు తన వాలుకి వెళ్తాయి, వాటి వెంట చిరుత కూడా.